కిక్ కొట్టే ముందు

జావా 250లో గేర్ రాడ్డు, కిక్ రాడ్డు ఒకటే. ఇంజిన్‌కు ఎడమవైపున్న ఆ కడ్డీని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కరు. బండి స్టార్టయ్యాక దించి పాత చోటికి తెస్తే గేర్ రాడ్డు. అంతటితో ఆగలేదు దాన్ని గీసినవాళ్లు. గేరు మార్చడానికి కాలితో రాడ్డును కదిపితే, ఆ కదలికకే లోపలి క్యామ్ ఒకటి క్లచ్‌ను కూడా విడదీస్తుంది. హ్యాండిల్ మీద క్లచ్ లివర్ ఉన్నా, బండి కదిలాక దాన్ని పట్టుకోకుండానే గేర్లు మార్చుకుంటూ పోవచ్చు. ఒక్క కడ్డీ, మూడు పనులు. ఆ బండిలో ఎక్కడ చూసినా ఇదే బుద్ధి కనిపిస్తుంది: ఉన్న భాగం చేతే ఇంకో పని చేయించడం. దశాబ్దాలు మూలన నిలబడిన జావాను మళ్లీ నడిపించడం సాధ్యమయ్యేది కూడా ఆ బుద్ధి వల్లనే. లోపల భాగాలు తక్కువ. ఉన్నవి తమ ఆరోగ్యం తామే చెబుతాయి.

జావా పుట్టింది 1929లో, చెకోస్లోవేకియాలో. స్థాపించినవాడు ఫ్రాంతిషెక్ యానెచెక్. 1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం ఈ బండ్లను మన దేశంలో తయారుచేయడం మొదలుపెట్టింది. 1973 నుంచి వాటి పేరు యెజ్డీ అయింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ముప్పై అయిదేళ్లలో మైసూరు నుంచి వచ్చిన బండ్లు తెలుగు జిల్లాల్లో ఊరూరా తిరిగాయి. ఇప్పటికీ చాలా ఇళ్ల వసారాల్లో, గోదాముల్లో, గోనెపట్టాల కింద ఉన్నాయి.

నేను దగ్గరుండి చూసిన బండి అనంతపురం జిల్లాలోది. మెరూన్ రంగు, ట్యాంకు పక్కల క్రోమ్, అంచున బంగారు గీత. ఆ నేలలో వానలు తక్కువ, గాలిలో తేమ తక్కువ. అదే బండి విశాఖ సముద్రపు గాలిలో ఇన్నేళ్లు ఉండి ఉంటే ఈ వ్యాసం వేరేలా ఉండేది. కానీ వాతావరణం ఒక్కటే కాపాడలేదు. దాన్ని నిలిపిన యజమాని తెలిసి నిలిపాడు. సెంటర్ స్టాండు మీద పెట్టి, ముందు చక్రం కూడా నేలకు ఆనకుండా ఇంజిన్ కింద చెక్క దిమ్మ ఆనించాడు. ట్యాంకులో చుక్క పెట్రోలు ఉంచలేదు. బ్యాటరీ తీసేశాడు. అన్నిటికన్నా ముఖ్యం, ప్లగ్ రంధ్రంలోంచి ఆయిల్ పోసి, పిస్టన్‌ను సరైన చోట ఆపాడు.

ఆ సరైన చోటు ఏమిటో తెలిస్తే ఆయన మీద గౌరవం పెరుగుతుంది. ఇది టూ స్ట్రోక్ ఇంజిన్. వాల్వులు లేవు. సిలిండర్ గోడకు ఉన్న రంధ్రాలను, అంటే పోర్టులను, పిస్టన్ తన పక్కలతోనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. పొగ బయటికి పోయే పోర్టు తెరిచి ఉన్న చోట పిస్టన్ ఆగిపోతే, సైలెన్సర్ గొట్టం గుండా వచ్చే తేమ నేరుగా సిలిండర్ గోడకు తగులుతుంది. ఒక సిలిండర్‌కు రెండు సైలెన్సర్లున్న జావాలో ఆ దారులు రెండు. పిస్టన్ పైకి వచ్చే దారిలో ఒకచోట మాత్రం పోర్టులన్నీ మూసుకుంటాయి. కిక్కర్ మీద చేత్తో మెల్లగా ఒత్తుతూ పోతే కంప్రెషన్ అడ్డం తగలడం మొదలయ్యే చోటు అది. అక్కడ ఆపితే చాలు. ఏ పరికరమూ అక్కర్లేదు, చెయ్యి అక్కడ ఆగాలని తెలిస్తే సరి.

పని చేసిన మేస్త్రి మొదట పానా పట్టలేదు. టార్చి పట్టుకుని ఇంజిన్ చుట్టూ తిరిగాడు. కవర్లను బిగించిన స్క్రూల తలల మీది గాట్లు చూస్తున్నాడు. జావా కవర్ స్క్రూలు నిడుపాటి ఒంటి గాటువి. ఎవరైనా తొందరపడి సరిపడని స్క్రూడ్రైవర్ పెడితే గాటు అంచు చిట్లుతుంది, ఆ చిట్లు ఎప్పటికీ ఉంటుంది. ఈ బండిలో గాట్ల అంచులు కోసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. లోపల మొరటు చెయ్యి పడలేదని ఆయనకు ఆ గాట్లే చెప్పాయి. వాటికి సరిగ్గా సరిపడేలా తన స్క్రూడ్రైవర్ మొన ఆకురాయి మీద అరగదీసుకున్నాడు. అరగదీయాల్సింది పనిముట్టునే, బండిని కాదు. పనితనమంటే నాకు అక్కడే అర్థమైంది.

తర్వాత ప్లగ్ తీసి డీజిల్, ఆయిల్ కలిపి కొంచెం పోశాడు. బండి యజమాని కొడుక్కి ఆగడం కష్టంగా ఉంది.

"ఇంగ కిక్ కొడదామా మేస్త్రీ?"

"ఇంగా కాదు సార్. రింగులు తడవనీ. రేపు సూస్తాం."

ఆయన భయం న్యాయమైనదే. పిస్టన్ రింగులు గాడిలో అతుక్కుని ఉంటే ఒక్క బలమైన కిక్‌తో రింగు విరుగుతుంది, ఆ ముక్క పోర్టులో చిక్కితే సిలిండర్ గీరుకుపోతుంది. మర్నాడు కూడా కిక్కర్ ముట్టుకోలేదు. నాలుగో గేరు వేసి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. పై గేరులో చక్రం తిప్పితే ఇంజిన్ తక్కిన గేర్లలోకన్నా తక్కువగా, తేలిగ్గా తిరుగుతుంది, కాబట్టి లోపల ఏ కాస్త అడ్డం తగిలినా వెంటనే చేతికి తెలుస్తుంది. బలం చక్రంలో పుడుతుంది, సమాచారం చేతికి వస్తుంది. పిస్టన్ కదిలింది. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి, ఆయిల్ పోస్తూ, వింటూ. అరవై అయిదు మిల్లీమీటర్ల బోరు, డెబ్బై అయిదు మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఆ సిలిండర్‌ను తెరవాల్సిన అవసరమే రాలేదు. తెరవకపోవడం కూడా ఒక నిర్ణయమే. బాగున్న హెడ్ విప్పితే పాత గ్యాస్‌కెట్ పోతుంది, కుదురుకున్న జాయింట్లు చెదురుతాయి.

పెట్రోలు దారిలో పని ఎక్కువే ఉంది. ట్యాంకు లోపల సన్నటి తుప్పు పొర. యాసిడ్ పోస్తే చిటికెలో పోతుంది కానీ, మూత అంచున ఒక చుక్క జారితే పాత పెయింటు లేచిపోతుంది. అందుకని వెనిగర్ పోసి నానబెట్టి, సోడా నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఆరిన వెంటనే ఆయిల్ కలిపిన పెట్రోలుతో లోపలంతా తడిపాడు. పెట్రోలు ట్యాపులో ఉన్నది కార్క్. ఎండిపోయిన కార్క్ కుంచించుకుపోయి కారుతుంది. పారేసి కొత్తది వేయడం సులువు. ఆయన దాన్ని నానబెట్టాడు. కార్క్ ఉబ్బింది, ట్యాపు కారడం ఆగింది. క్లచ్‌లోనూ ఇదే కార్క్, అక్కడ కథ తిరగబడుతుంది: ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి, లివర్ పట్టినా విడిపోవు. వాటిని విప్పి, ఒక్కొక్కటీ తుడిచి, కొత్త ఆయిల్‌లో నానబెట్టి తిరిగి పేర్చాడు.

కార్బొరేటర్ జికోవ్ కంపెనీది. ఇత్తడి జెట్ల రంధ్రాలు ఎండిన పెట్రోలు జిగురుతో మూసుకుపోయి ఉన్నాయి. ఇక్కడ చాలామంది సన్నటి ఇనుప తీగ దూర్చేస్తారు. ఇత్తడి మెత్తనిది, తీగ ఇనుము. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా పెట్రోలు పాలు మారిపోతుంది. జెట్లను ద్రావకంలో నానబెట్టి, గాలి పట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని గుండ్రంగా ఉందో లేదో చూసుకున్నాడు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది కనుక, పాత రబ్బరు పైపు తీసేసి దాన్ని తట్టుకునే కొత్తది వేశాడు. మార్చక తప్పనిది మార్చాడు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది కుడివైపు కవర్. అది తీస్తే కరెంటు వ్యవస్థలో ముఖ్యమైనదంతా కళ్ల ముందు ఉంటుంది. ఆరు వోల్టుల డైనమో ఆర్మేచర్ క్రాంక్ షాఫ్ట్ కొస మీదే నేరుగా కూర్చుని ఉంటుంది. దానికి బెల్టు లేదు, గేరు లేదు, సొంత బేరింగ్ కూడా లేదు. ఆ కొసనే చిన్న క్యామ్, దాని మీద పాయింట్లు. ఒకే షాఫ్ట్ బండిని నడుపుతుంది, కరెంటు పుట్టిస్తుంది, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నిర్ణయిస్తుంది. ఈ పొదుపుకి ఇంకో లాభం ఉంది. ఆర్మేచర్‌కు సొంత బేరింగ్ లేదు కనుక, క్రాంక్ బేరింగ్ అరిగితే ఆర్మేచర్ ఊగుతుంది, పాయింట్ల ఎడం నిలవదు. అంటే ఇంజిన్ విప్పకుండానే దాని అడుగున ఉన్న బేరింగ్ ఎలా ఉందో ఇక్కడ తెలుసుకోవచ్చు. మేస్త్రి ఫీలర్ గేజ్ పెట్టి ఎడం 0.4 మిల్లీమీటర్లకు సరిచేసి, షాఫ్ట్‌ను తిప్పి, మళ్లీ కొలిచాడు. ఎన్నిసార్లు తిప్పినా అదే కొలత. ఆయన ముఖంలో మొదటిసారి సంతోషం కనిపించింది. బేరింగ్ గట్టిగా ఉంది.

పాయింట్ల మీద పట్టిన మసిని నున్నటి ఆకురాయితో తేలిగ్గా తీసి, చివర తెల్లకాగితం ముక్క మధ్యలో పెట్టి లాగాడు. కాగితం తెల్లగా వచ్చేదాకా లాగాడు. కండెన్సర్ మాత్రం కొత్తది వేశాడు. దాని లోపలి కాగితపు పొరలకు తేమ పడితే పైకి ఏమీ తెలియదు, పాయింట్ల దగ్గర మెరుపు పెద్దదై ప్లగ్‌లో చిన్నదవుతుంది. ఇక డైనమో. ఇన్నేళ్లు తిరగని డైనమోలో మిగలాల్సిన కొద్దిపాటి అయస్కాంతత్వం కూడా పోవచ్చు. అది లేకపోతే ఎంత తిరిగినా కరెంటు పుట్టదు. ఫీల్డ్ చుట్టకు బ్యాటరీ తీగను ఒక క్షణం తాకించి తీశాడు. అంతే, అయస్కాంతత్వం తిరిగి వచ్చింది. తెలియనివాడు డైనమో కాలిపోయిందనుకుని రీవైండింగ్‌కు ఇచ్చి ఉండేవాడు.

ట్యాంకు తగిలించకుండా, సీసాలో కొద్దిగా పెట్రోలు పోసి పైపుతో కార్బొరేటర్‌కు కలిపారు. లీటరుకు 40 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్. ఒకప్పుడు పెట్రోలు బంకుల్లో 2టీ పంపు విడిగా ఉండేది, ఇప్పుడు డబ్బా కొనుక్కోవాలి. టిక్లర్ నొక్కి ఫ్లోట్‌ను ముంచితే పెట్రోలు పొంగింది. అప్పుడు రాడ్డు లోపలికి నొక్కి, పైకి తిప్పి, కిక్ కొట్టాడు. కొద్ది ప్రయత్నాల్లోనే అంటుకుంది. వసారా అంతా తెల్లటి పొగ.

ఆ పొగను అందరూ చూస్తుంటే మేస్త్రి మాత్రం వింటున్నాడు. టూ స్ట్రోక్‌లో క్రాంక్ కేస్ కూడా పంపులా పనిచేస్తుంది, దానికి రెండు పక్కలా ఆయిల్ సీళ్లు గాలి చొరబడకుండా మూత వేస్తాయి. ఎడమ సీలు గట్టిపడితే క్లచ్ వైపు ఆయిల్‌ను పీల్చుకుని పొగ ఆగదు. కుడి సీలు పోతే బయటి గాలి పీల్చుకుంటుంది, ఇంజిన్ యాక్సిలరేటర్ మూసినా దానంతట అదే రేగుతుంది. పోసిన పాత ఆయిల్ కాలిపోయాక పొగ పలచబడింది. కానీ వేడెక్కిన కొద్దీ ఇంజిన్ కూత పెరిగింది. కుడి సీలు. డైనమో తీసి సీలు మార్చాక ఐడ్లింగ్ కుదురుగా, ఒకే తాళంలో నిలిచింది.

టైర్లు, బ్రేకు షూలు, కేబుళ్లు కొత్తవి. వీటిలో వాదించడానికేమీ లేదు, పాత రబ్బరును నమ్మి రోడ్డెక్కకూడదు. వెనక చక్రం విప్పడం మాత్రం చూడముచ్చటగా ఉంది. జావాలో చైన్ మొత్తం కేసు లోపల ఉంటుంది. చక్రం ఊడి వచ్చినా స్ప్రాకెట్, చైన్, కేసు ఉన్నచోటే ఉంటాయి. దారిలో పంక్చరయితే చేతికి గ్రీజు అంటకుండా చక్రం తీయవచ్చు. చైన్ కేసుకు, ఇంజిన్‌కు మధ్యనున్న రబ్బరు తొడుగులు చిట్లాయి, అవి మార్చారు. లోపలి చైన్ మీద ఎప్పటిదో గ్రీజు, దాని కింద మెరిసే ఉక్కు.

పెయింటు జోలికి పోలేదు. సబ్బు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, మైనం పట్టించారు. ట్యాంకు మీద మోకాలు తగిలే చోట బంగారు గీత అరిగిపోయి ఉంది. కొత్త గీత గీయించమని ఎవరో సలహా ఇచ్చారు. యజమాని కొడుకు వద్దన్నాడు, అది నాన్న మోకాలు అన్నాడు. నా అభిప్రాయమూ అదే. పెయింటు ఎన్నిసార్లైనా వేయొచ్చు, ఫ్యాక్టరీ వేసిన పెయింటు ఒక్కసారే ఉంటుంది. ఇంత బాగా నిలిచిన బండిని కొత్తదానిలా చేయడమంటే అది దాచుకున్నదాన్ని తుడిచేయడమే.

చట్టం కూడా ఇదే అడుగుతోంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలను వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో 'వీఏ' అన్న అక్షరాలు వస్తాయి. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. రోజువారీ తిరగడానికి కాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకెళ్లడానికి.

మీ ఇంట్లో గోనెపట్టా కింద జావా గానీ యెజ్డీ గానీ ఉంటే, ఉత్సాహం కొద్దీ ట్యాంకు నింపి కిక్ కొట్టకండి. ప్లగ్ విప్పి నాలుగు చుక్కల ఆయిల్ పోసి, ఈ బండ్లు తెలిసిన పాత మేస్త్రి ఎవరైనా మీ ఊళ్లో ఉన్నారేమో అడగండి. వాళ్లు ఇంకా ఉన్నారు. ఆర్‌సీ పుస్తకం, టూల్ కిట్, పెద్దాయన రాసుకున్న సర్వీసు చీటీలు దొరికితే పారేయకుండా బండితోపాటే ఉంచండి.