ఆ ఒక్క లైను ఎక్కడ?

లినక్స్ కెర్నెల్‌లో ట్రేస్‌పాయింట్ చేర్చడం చూడ్డానికి చిన్న పనే. హెడ్డర్‌లో ఒక మాక్రో రాసి, ఏ వివరాలు నమోదు కావాలో చెప్పి, ఫంక్షన్ మధ్యలో ఒక కాల్ పెడితే సరి. ఆ కాల్ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికే నాకు పొద్దుపోతుంది.

కొత్తవాళ్ల బెంగంతా వేగం గురించే. మాథ్యూ దెనోయే రూపొందించిన ట్రేస్‌పాయింట్లు 2008 చివర్లో 2.6.28తో కెర్నెల్‌లోకి వచ్చాయి. తర్వాత జంప్ లేబుళ్లు తోడయ్యాక, ఆఫ్‌లో ఉన్న పాయింటు దగ్గర దాదాపుగా మిగిలేది ఏ పనీ చేయని నోప్ ఒక్కటే. ఆన్ చేయగానే, నడుస్తున్న కెర్నెల్‌లోనే ఆ నోప్ జంప్‌గా మారిపోతుంది. కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు.

బెంగపడాల్సింది వేరే ఉంది. 2011లో బిగ్ కెర్నెల్ లాక్‌ను పూర్తిగా తీసేశారు. దాని లోతును చెప్పే ఫీల్డు ట్రేస్‌పాయింట్లు నమోదుచేసే ప్రతి ఈవెంటులోనూ ఉండేది; లాకే లేనప్పుడు అదెందుకని తొలగించారు. దాంతో ఆ ఈవెంట్లను చదివే పవర్‌టాప్ అనే టూలు దెబ్బతింది. ఏ ఫీల్డు ఎక్కడుందో చెప్పే ఫార్మాట్ ఫైలును అది చదవకుండా, పాత అమరికనే నమ్ముకుంది. తప్పు పవర్‌టాప్‌దే, అయినా తగ్గింది కెర్నెల్. ఆ చోట ఉత్త ప్యాడింగ్ మళ్లీ పెట్టారు. లాక్ పోయినా దాని జాగా మాత్రం కొన్నాళ్లు అలాగే ఉండిపోయింది!

అందుకే కెర్నెల్ ఫైల్‌సిస్టమ్ పొర వీఎఫ్‌ఎస్‌లో ట్రేస్‌పాయింట్లు వద్దనే దాని నిర్వాహకుడు ఆల్ విరోను మొండివాడని విసుక్కోలేను. ఒకసారి పెట్టాక, దాని మీద ఎవరి టూలు ఆధారపడిందో మనకు తెలిసేది అది విరిగాకే.

మరి మంచి చోటంటే? షెడ్యూలర్‌లోని షెడ్_స్విచ్ చూడండి. ఒక టాస్క్ సీపీయూ దిగి మరొకటి ఎక్కే క్షణం అది. నిద్రలేపే క్షణాన్ని షెడ్_వేకప్ చెబుతుంది. రెండింటి మధ్య ఎడమే టాస్క్ వరుసలో కాచుకున్న సమయం. 2023లో 6.6తో సీఎఫ్‌ఎస్ షెడ్యూలింగ్ అల్గారిథం స్థానంలోకి ఈఈవీడీఎఫ్ వచ్చింది, షెడ్_స్విచ్ మాత్రం ఉన్నచోటే ఉంది. అల్గారిథం లోపలి లెక్క మీద పెట్టిన పాయింటు అయితే ఆ లెక్కతోపాటే అర్థం కోల్పోయేది.

ఒక్కరోజు ప్రశ్నకైతే కెప్రోబ్ అనే తాత్కాలిక ప్రోబ్ తగిలించి, పనయ్యాక పీకేస్తాను. అదే ప్రశ్న వేర్వేరు మనుషుల నుంచి పదేపదే వస్తేనే శాశ్వత పాయింటు గురించి ఆలోచిస్తాను. 2019లో షెడ్యూలర్ వాళ్లు మధ్యేమార్గం తొక్కారు: లోడ్ లెక్కలకు పాయింట్లు పెట్టారు కానీ ఈవెంట్ల జాబితాలో చూపలేదు. కావాల్సినవాళ్లు సొంతంగా మాడ్యూల్ రాసి తగిలించుకోవాలి. అందంగా లేదు గానీ, వచ్చే మార్పుకు అడ్డురాదు.