పడక మార్చే అరనిమిషం

రోగిని ఆసుపత్రిలో ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడంలో రెండు పనులున్నాయి. ఒకటి చక్రాల మీద తోసుకెళ్లడం, రెండోది ఒక పడక మీది నుంచి మరో పడక మీదికి మార్చడం. తోసే దూరం ఎంతైనా, ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది మార్చే ఆ అరనిమిషంలోనే. తుంటి విరిగి 108లో వచ్చిన పెద్దావిడను అంబులెన్సు స్ట్రెచర్ మీది నుంచి క్యాజువాల్టీ ట్రాలీకి, అక్కడి నుంచి ఎక్స్‌రే బల్లకు, మళ్లీ ట్రాలీకి, చివరికి వార్డులో మంచానికి మారుస్తారు. ఆపరేషన్ ఉంటే మరో నాలుగు మార్పులు. మార్చిన ప్రతిసారీ విరిగిన ఎముక కదులుతుంది, సెలైన్ గొట్టం లాక్కుంటుంది, నొప్పికి తోడు పడిపోతానేమోనన్న భయం. అందుకే మంచి పరికరాన్ని ముందుగా కొలవాల్సింది అది ఎన్ని మార్పులను తప్పిస్తుందన్న లెక్కతోనే. ఎక్స్‌కిరణాలు దాటిపోయే పలకతో, కింద ఫిల్మ్ పెట్టే అరతో చేసిన ట్రాలీ ఈ లెక్కలో చాలా విలువైనది. రోగిని కదపకుండానే ఫొటో తీయవచ్చు, రెండు మార్పులు తగ్గుతాయి.

మార్చేటప్పుడు చర్మానికి జరిగే హాని పైకి కనిపించదు. దుప్పటి పట్టుకుని ఈడిస్తే పైచర్మం బట్టను అంటుకుని వెనకబడుతుంది, లోపలి ఎముక మాత్రం ముందుకు సాగుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న సన్నని రక్తనాళాలు సాగి, మెలిపడి, మూసుకుపోతాయి. నడుము దిగువన, మడమల దగ్గర పడక పుండ్లు పుట్టడానికి ఒత్తిడితో పాటు ఈ ఈడ్పూ కారణమే. దీనికి దొరికిన మందు చాలా సాదాసీదాది, నున్నటి నైలాన్ షీటు. రోగి కింద రెండు పొరలుగా పరిస్తే పొర మీద పొర జారుతుంది, చర్మం మీద రాపిడి పడదు. అంతకంటే ఖరీదైనది గాలి పరుపు. అడుగున ఉన్న సన్నని రంధ్రాల్లోంచి గాలి బయటికి చిమ్మి పరుపు పడక మీద తేలినట్టు అవుతుంది, భారీకాయులను సైతం తక్కువ బలంతో పక్కకు జరపవచ్చు. ఈ రెండూ లేని చోట నిలువెత్తు జారుడు పలక ఒక్కటున్నా పని ఎంతో తేలికవుతుంది.

రోగి ఒంటితో పాటు ఎత్తేవాళ్ల నడుమునూ తయారీదారు పట్టించుకోవాలి. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని పరిశోధించే నియోష్ సంస్థ 1991 నాటి సూత్రం ప్రకారం, అన్ని పరిస్థితులూ అనుకూలంగా ఉన్నప్పుడు చేతులతో ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. అది పెట్టెలకు వర్తించే లెక్క. మనిషికి పట్టుకునే పిడులుండవు, ఒంటికి దగ్గరగా హత్తుకుని లేపడం కుదరదు, ఉన్నట్టుండి కదులుతాడు. అందుకే అదే సంస్థలో పనిచేసిన థామస్ వాటర్స్ 2007లో రోగుల విషయంలో ఆ హద్దును సుమారు 16 కిలోలకు తగ్గించాడు. 70 కిలోల మనిషి ఒక్క కాలే 11 కిలోల దాకా తూగుతుంది. నలుగురు కలిసి ఎత్తినా ఒక్కొక్కరి మీద పడే బరువు ఆ హద్దును దాటుతుంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో విలియం మర్రాస్ బృందం 1999లో కొలిచి చూసినప్పుడు, ఇద్దరు కలిసి చేతులతో ఎత్తినా వెన్ను మీద పడే భారం ప్రమాదకరంగానే తేలింది. ఒడుపు నేర్పితే చాలన్న పాత నమ్మకం దీనితో నిలవదు. నేర్పడం మంచిదే, కానీ నర్సుల నడుమును కాపాడేది పరికరమే.

ట్రాలీ విషయానికొస్తే అన్నిటికన్నా ముందు చూడాల్సింది చక్రం. చిన్న చక్రం లిఫ్టు గుమ్మం దగ్గరి సందులో దిగబడుతుంది, ఆ కుదుపు నేరుగా విరిగిన ఎముకకు తగులుతుంది. పెద్ద చక్రం అదే సందును నిమ్మళంగా దాటుతుంది, తోయడానికి బలమూ తక్కువ పడుతుంది. నాలుగు చక్రాలూ అన్ని వైపులకూ తిరిగేవైతే పొడవాటి వరండాలో బండి పక్కకు కొట్టుకుపోతుంది. మధ్యలో అయిదో చక్రం ఉంటే ఒక్కరే తిన్నగా నడిపించగలరు. బ్రేకు ఒక్క పెడల్‌తో నాలుగు చక్రాలకూ పడాలి. చక్రానికో మీట ఉంటే హడావిడిలో ఒకటో రెండో మరిచిపోతారు. అప్పుడు మార్చే సమయంలో ట్రాలీ జరిగి మంచానికీ దానికీ నడుమ సందు పడుతుంది, రోగి ఆ సందులోకి జారతాడు. పక్క కమ్మీ కూడా పరుపు మట్టానికి కిందికి దిగిపోవాలి, లేకపోతే అదే అడ్డం. ఎత్తు మార్చే వీలుంటే, చేర్చే పడకను కాస్త దిగువగా పెట్టి బరువునే సాయం తీసుకోవచ్చు.

మంచాన్నే ట్రాలీగా మార్చేస్తే చాలా మార్పుల అవసరమే ఉండదు. 1960ల్లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో బ్రూస్ ఆర్చర్ బృందం కింగ్స్ ఫండ్ సంస్థతో కలిసి ఆసుపత్రి మంచాన్ని మళ్లీ మొదటి నుంచి ఆలోచించింది. వార్డులో నర్సులు మంచంతో ఏమేం చేస్తున్నారో దగ్గరుండి గమనించారు, నమూనాలను నిజమైన వార్డులోనే వాడి చూశారు. అలా తయారైందే ఎత్తు తగ్గే, పెరిగే, చక్రాల మీద కదిలే మంచం. రోగి కాలు కింద పెట్టేందుకు దిగుతుంది, నర్సు వంగకుండా పని చేసేందుకు లేస్తుంది. ఈ రంగంలో ఇంతకంటే మంచి పాఠం దొరకదు. అయితే ఆ మంచం పట్టే లిఫ్టు, వెడల్పాటి తలుపు ఉన్నప్పుడే దాని ఉపయోగం. పాత కట్టడాల్లో ఆ సౌకర్యం తక్కువ.

తెలుగు రాష్ట్రాల్లో పెద్దాసుపత్రులకు వేసే నమూనాలో మరో మనిషిని చేర్చుకోవాలి, రోగి వెంట వచ్చిన బంధువును. ట్రాలీ తోసేదీ, దుప్పటి మూల పట్టేదీ చాలాసార్లు ఆ తమ్ముడో కొడుకో. ఏ శిక్షణా లేని ఆ చేతులకు బ్రేకు పడిందో లేదో ఒక్క చూపులో తెలియాలి. ఎరుపు, ఆకుపచ్చ పెడల్, పట్టుకోవాల్సిన చోట రంగు పూత, తెలుగులో రెండు మాటలు ఉంటే చాలు. సెలైన్ స్టాండు, ఆక్సిజన్ సిలిండర్, యూరిన్ బ్యాగు తగిలించే కొక్కెం ట్రాలీకే ఉంటే వాటి కోసం ఇంకో మనిషి పరిగెత్తనక్కరలేదు. తల వైపు కాస్త పైకి లేచి ఉంటే రోగి కప్పులోని దీపాల వరసకు బదులు తనను తీసుకెళ్తున్న దారిని చూస్తాడు, ఊపిరీ తేలిగ్గా ఆడుతుంది.

కొనుగోలు టెండర్లలో ఉక్కు మందం, రంగు, కొలతలు రాస్తారు. నిండు బరువుతో లిఫ్టు సందు దాటించి చూడాలనీ, రాత్రి డ్యూటీ నర్సు, వార్డ్‌బాయ్ వారం రోజులు వాడి చెప్పాలనీ, చక్రంలో చుట్టుకున్న దారాలు, వెంట్రుకలు తీయడానికి ఎవరిని ఎన్నాళ్లకు పంపుతారో రాసివ్వాలనీ అదే కాగితంలో చేర్చాలి.