విరాటసభలో మాటయు నింగితమును

మనుష్యుఁడు తన తలంపును ఒరులకుఁ దెలుపుటకు మాట యొక్కటియే సాధనము కాదు. చూపు, కనుబొమ, చేయి, కంఠస్వరము, మౌనము అనునవి మాటకుఁ దోడగుచుండును. ఒక్కొకప్పుడు మాట చెప్పినదానిని త్రోసివేయుచుండును. భరతుఁడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెఱఁగులుగా విభజించినది నాట్యము కొఱకే యైనను, ఆ విభాగము లోకవ్యవహారమునకును జెల్లును.

దీనికి నిదర్శనములు వెదకుటకు దూరము పోనక్కఱలేదు. పెన్న కెగువనున్న కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములం దైనను, మఱి యే తెలుఁగుపల్లెలో నైనను, తలను ప్రక్కలకు మెల్లగా నూఁచుట యెఱిఁగినవానికి సమ్మతి, ఎఱుఁగని పరదేశికి సందేహము. పశువుల సంతలో దళారులు తుండుగుడ్డ క్రింద చేతులు కలిపి, వ్రేళ్లు పట్టి వెల తెలుపుకొందురు. చుట్టును నిలిచినవారు పైమాటలన్నియు విందురు. వెల మాత్ర మెఱుఁగరు. ఇంగితము మాట లేనిచోట మాటపని చేయుటయే కాక, నలుగురిలో నొకనిని దగ్గఱకుఁ దీసి తక్కినవారిని వెలుపల నుంచును. ఈ రెండవపనిని మన కవులలో తిక్కన సోమయాజివలె నెఱిఁగినవారు అరుదు. ఆయన 13వ శతాబ్దమున నెల్లూరేలిన మనుమసిద్ధికి మంత్రి. రాజసభలో నేమాట యెవరి చెవిని బడునో తూఁచి పలుకవలసిన యుద్యోగము.

ఆయన తెనిఁగించిన 15 పర్వములలో మొదటిదగు విరాటపర్వమునందు, కీచకుఁడు ద్రౌపదిని సభలోఁ దన్నిన ఘట్టమును బరిశీలింతము. విరాటరాజు మఱఁదిని దండింపఁజాలఁడయ్యెను. ధర్మరాజు కంకుభట్టుగాను, భీముఁడు వలలుఁడను వంటవాఁడుగాను అచ్చటనే యున్నారు. అజ్ఞాతవాసము తీఱవచ్చుచున్నది, ఇప్పుడు బయలుపడిన మరల 12 ఏండ్ల వనవాసము. భీముఁడు నోరు మెదపలేదు. సమీపమున నున్న యొక చెట్టువైపు చూచెను. అప్పుడు ధర్మరాజు పలికిన పద్యము తెలుఁగు చదివినవారి కెల్లరకుఁ బరిచితమే. వంటకట్టెలకు వేఱుచోటఁ జెట్లు లేవా యనియు, పండ్లతోఁ గొమ్మలతోఁ నిండి, నీడ జేరినవారి బడలిక తీర్చు నీ చెట్టును నఱుకనేల యనియు దాని తాత్పర్యము.

పాఠశాలలలో దీనిని అన్యాపదేశమని పేర్కొని, చెట్టనఁగా విరాటుఁడు, నీడయనఁగా నాతని యాశ్రయము అని సమన్వయించి ముగించుట పరిపాటి. ఆ వ్యాఖ్య సరియైనదే. కాని యంతటితోఁ బద్యము తీఱదు. ధర్మరాజు మాట యొక మాటకుఁ బ్రత్యుత్తరము కాదు, ఒక చూపునకుఁ బ్రత్యుత్తరము. ఆ చూపులోని సంహారోద్యమమును సభలో నితరులు గుర్తించిన గుట్టు చెడును. కావున ధర్మరాజు ముందుగా ఆ చూపునకు సభవారు నమ్మఁదగిన యర్థమును గల్పించెను: వంటవాఁడు చెట్టును జూచుట కట్టెల కొఱకే గదా! పిదప వలదని వారించెను. మూఁడవదిగా, వలదనుటకుఁ గారణము దెలిపి, వేఱొకచోటు గలదని యాశయుఁ జూపెను. సభకు వినఁబడినది కట్టెలమాట. భీమునకు మూఁడును వినఁబడెను.

మమ్మటుఁడు కావ్యప్రకాశము తృతీయోల్లాసమున వ్యంగ్యార్థము స్ఫురించుటకు హేతువులను లెక్కించుచు, వక్త, బోద్ధవ్యుఁడు, కాకువు, ప్రస్తావము, దేశము, కాలము మున్నగువానితోఁ గూడ అన్యసన్నిధిని జెప్పెను. ఆదిశబ్దముచేఁ జేష్టను గ్రహింపుమనెను. అన్యసన్నిధి యనఁగా మూఁడవవాఁడు దగ్గఱనుండుట. ఈ ఘట్టమున నా హేతువులలోఁ బెక్కు ఒకేపద్యమునందుఁ బనిచేయుచున్నవి. పరులు లేనిచో ధర్మరాజు 'తాళుము' అని యొక్కమాట పలికిన సరిపోయెడిది.

సంస్కృతభారతమున ధర్మరాజు తన బొటనవ్రేలితో భీముని బొటనవ్రేలిని నొక్కి వారించినట్లున్నది. కొన్ని పాఠములలోఁ జెట్టుమాటయుఁ గలదు; కాని యందు కట్టెలు కావలెనన్న వెలుపలి చెట్లను గొట్టుకొమ్మనుట మాత్రమే. స్పర్శ వారింపఁగలదు, ఎందుకు వారించెనో చెప్పలేదు. పండ్లను, నీడను, ఆశ్రితులను జేర్చి తిక్కన యా కారణమును మాటలోనికిఁ దెచ్చెను. ఆ సంస్కృతమునందే ధర్మరాజు నుదుట కోపముచేఁ జెమట పట్టినదని యున్నది. స్వేదము సాత్త్వికభావము, బుద్ధి యధీనమున నుండదు. మాట చల్లనిది, నుదురు తడిసినది; సభవారు మాటనే వినిరి.

ఇంతవఱకు సంకేతము విజయము. కాని కవి యచ్చట నాఁగలేదు. ధర్మరాజు ద్రౌపదితోను మర్మముగనే పలికి, నటివలె సభలో నిలువక లోనికిఁ బొమ్మనెను. ఆమె యిచ్చిన యుత్తరమును గోపావేశమున వెలువడిన మాటగా మాత్రము వివరింపరాదు. తన మగఁడు నటుఁడగుట నిజమేయనియు, పెద్దలు నడచినట్లే పిన్నలును నడతురనియు, పతుల తీరే తనకు నబ్బినదనియుఁ బలికి, అతఁడు నటుఁడే కాక జూదరియు ననెను. సభవారు దానిని సైరంధ్రి తన యెఱుఁగఁబడని భర్తలను దలఁచి చేసిన విలాపముగా వినిరి. కంకుభట్టు మాత్రము తనమీఁది యభియోగముగా వినెను. ఆయన యే మఱుఁగున నాజ్ఞ యిచ్చెనో, ఆ మఱుఁగుననే యామె న్యాయ మడిగెను.

ఇచ్చట నర్థము తెలియమి యెంతమాత్రము లేదు. ద్రౌపదికి ధర్మరాజు మాట పూర్తిగాఁ దెలిసినది, తెలిసినందుననే నొప్పించినది. సంకేతము గ్రహించుట వేఱు, దానికి సమ్మతించుట వేఱు. లోకమున నీ రెంటిని నొకటిగాఁ దలంచుటవలనఁ బెక్కు యిండ్లలో నన్యాయము జరుగుచున్నది. మామ దగ్గిన దగ్గునకుఁ గోడలు మాట యాఁపును. ఆమె యొప్పుకొన్నదని యిల్లంతయుఁ దలంచును. ఆమె గ్రహించినది దగ్గుయొక్క యర్థము మాత్రమే. ద్రౌపదియు లోనికిఁ బోయెను. ఆ రాత్రియే వంటయింటికి వచ్చి భీముని మేల్కొలిపి, మఱుఁగు లేని మాటలతోఁ దన దుఃఖము నంతయుఁ జెప్పెను. మూఁడవవాఁడు లేనిచోట సంకేతముతోఁ బనిలేదు.

కీచకుని కథ దీనికిఁ బ్రతికోటి. నర్తనశాలకు రమ్మని ద్రౌపది చెప్పఁగా, అతఁడు మాటను విని తన కోరికయే దాని యర్థమని నమ్మెను. మొన్న తన్ను దినిన స్త్రీ నేఁడేల పిలుచుచున్నదని యాలోచింపలేదు. చీకటిలోఁ జూపు పనిచేయదయ్యెను. నిజము స్పర్శవలనఁ దెలియునప్పటికిఁ గాలము మించెను. ఎదుటివాని స్థితి నెఱుఁగనివానికి మాట యెంత స్పష్టమైనను బ్రయోజనము లేదు.

వానలు లేనియేఁట విరాటపర్వము చదివించు నాచారము తెలుఁగునాఁట గలదు. పురాణము చెప్పువారును, బడిలోఁ బాఠము చెప్పువారును నీ పద్యము కడకు వచ్చినప్పుడు, అలంకారనామము చెప్పుటకు ముందు మూఁడు ప్రశ్నలు వేసిన మేలు: ఎవరు చూచుచున్నారు? ఎవరు వినుచున్నారు? వినినవారిలో నెవరు సమ్మతించిరి? మొదటి రెంటికిని బాలురు సులభముగ నుత్తరము చెప్పుదురు. మూఁడవదానికై ద్రౌపది మాటలను మరల చదువవలసి యుండును. అట్లు చదివించుటయే యా ఘట్టమును బోధించుట.