ఎసట్లో పోయకముందు తీసిన పిడికెడు

తెలుగు క్రైస్తవ సంఘాల్లో దేవుని మహిమ అన్న మాట వినబడని ఆదివారం ఉండదు. ప్రార్థన ముగిసేటప్పుడు, పంట చేతికొచ్చినప్పుడు, కొడుక్కి ఉద్యోగం దొరికిందని తల్లి సాక్ష్యం చెప్పేటప్పుడు, అంటే దేవుడు తన పట్ల చేసిన మేలును సంఘం ఎదుట నిలబడి చెప్పుకొనేటప్పుడు, చివరికి చావు జరిగిన ఇంట్లో పెట్టుకొనే ఆదరణ కూడికలో కూడా ఆ మాట పలుకుతారు. ఇంతగా పలికే మాటకు రోజువారీ బతుకులో అర్థమేమిటని అడిగితే మాత్రం జవాబులు చాలావరకు పెద్ద పనులవైపే పోతాయి. సువార్త మహాసభలు, ఆలయ నిర్మాణాలు, పాటల ఆల్బమ్‌లు, పేరుపడ్డ బోధకుల పరిచర్య గుర్తుకొస్తాయి. ఇవేవీ చేయలేని మనిషి, అంటే పొద్దంతా నాట్లు వేసి, కలుపు తీసి, చీకటిపడ్డాక ఇంటికొచ్చి పొయ్యి రాజేసే కూలి స్త్రీ, దేవుని మహిమ కోసం ఎలా బతకాలి? ఈ ప్రశ్నకు వేదాంత గ్రంథాలు ఇచ్చేదానికంటే సూటైన జవాబు తెలుగు పల్లె సంఘాల వంటింట్లో ఉంది. దాన్ని పిడికెడు బియ్యం అంటారు.

పద్ధతి చాలా చిన్నది. ఎసరు పెట్టి, ఇంటిల్లిపాదికీ సరిపడా బియ్యం కొలిచాక, కడగబోయే ముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలోనో డబ్బాలోనో వేస్తుంది. అలా వారమంతా పోగైన బియ్యాన్ని ఆదివారం చిన్న సంచిలో గుడికి తెచ్చి, అక్కడ పెట్టిన గంపలో పోస్తుంది. ఆ గింజలు కొన్నిచోట్ల ఉపదేశి ఇంటికి, అనగా ఊళ్లోనే ఉండి ఆరాధన నడిపి పిల్లలకు అక్షరాలు దిద్దించే సంఘ సేవకుడి కుటుంబానికి, తిండిగా వెళతాయి. కొన్నిచోట్ల వాటిని విధవరాండ్రకూ రోగులకూ పంచుతారు. మరికొన్నిచోట్ల అమ్మి, ఆ డబ్బును స్త్రీల మైత్రి నిధిలో, అంటే సంఘంలోని మహిళల సహవాసం పేరిట ఉన్న నిధిలో, జమ చేస్తారు. కోత పండుగనాడు తెచ్చే వరి పనలు, గుమ్మడికాయలు, కోళ్లు, ఆరాధన అయ్యాక వాటికి జరిగే వేలంపాట అందరూ చూసే వేడుక. పిడికెడు బియ్యం అదే భక్తికి ఎవరూ చూడని నిత్యరూపం.

ఈ అలవాటును పేదరికం నేర్పిన సర్దుబాటుగా తీసిపారేయడానికి వీల్లేదు, ఎందుకంటే దేవుని మహిమ గురించి క్రైస్తవులు ఎక్కువగా తలచుకొనే లేఖనం కూడా తిండి తగాదాలోంచే పుట్టింది. కొరింథు అనే గ్రీకు నగరంలోని సంఘానికి పౌలు మొదటి పత్రిక రాసేనాటికి అక్కడి విశ్వాసులు ఒక చిక్కులో ఉన్నారు: అంగట్లో అమ్మే మాంసంలో విగ్రహాలకు అర్పించినది కలిసి ఉండవచ్చు గనుక దాన్ని కొని తినవచ్చా, అవిశ్వాసి విందుకు పిలిస్తే వెళ్లి, పెట్టింది తినవచ్చా అన్నది వారి వివాదం. పదో అధ్యాయం చివర ఆ చర్చను ముగిస్తూ పౌలు, తినడం తాగడం సహా సమస్తం దేవుని మహిమ కోసమే జరగాలంటాడు. ఆ వెంటనే ఎవరి విశ్వాసానికీ అడ్డు రావద్దని, తాను సొంత ప్రయోజనం కాక అనేకుల ప్రయోజనం చూస్తున్నానని చెబుతాడు. గోడ క్యాలెండర్ల మీద మొదటి మాటను మాత్రమే అచ్చువేసే అలవాటు వల్ల రెండోది మరుగున పడింది గాని, పౌలు ఆలోచనలో అవి విడివిడి సంగతులు కావు. తన కంచంలోని మెతుకుల వల్ల పక్కవాడికి మేలో కీడో ఏది జరుగుతుందో చూసుకొని తినేవాడే దేవునికి ఘనత తెచ్చేలా తింటాడు. కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తగ్గించుకోవడమంటే ఆ ఆలోచనను చేతికి అలవాటు చేయడమే.

అయితే సర్వసంపూర్ణుడైన దేవునికి మనిషి కొత్తగా ఏం చేర్చగలడన్న సందేహం సహజంగా వస్తుంది. ఇంగ్లండ్‌లో అంతర్యుద్ధం సాగిన రోజుల్లో, 1647లో, వెస్ట్‌మిన్‌స్టర్‌లో సమావేశమైన వేదాంతులు పిల్లలకూ కొత్తవారికీ విశ్వాసం నేర్పేందుకు ఒక చిన్న ప్రశ్నోత్తరిని సిద్ధం చేశారు. మనిషి పుట్టుకకు పరమ లక్ష్యమేమిటన్నది అందులో మొదటి ప్రశ్న. దేవుని మహిమపరచడం, ఎన్నటికీ ఆయనయందు ఆనందించడం అని దానికిచ్చిన జవాబు సారం. మహిమపరచడాన్నీ ఆనందించడాన్నీ వారు ఒకే లక్ష్యంగా కలిపి చెప్పడం గమనించదగ్గది, ఎందుకంటే లోటును పూడ్చడానికి చెల్లించే కప్పంలో ఆనందం ఉండదు. 50వ కీర్తనలో దేవుడు తనకు ఆకలి లేదనీ, ఉన్నా మనుషులకు చెప్పుకోవలసిన పని లేదనీ, లోకమంతా తనదేననీ అంటాడు. అంటే గుడి గంపలో పడే బియ్యం దేవుని ఆకలి తీర్చదు. అది తినేది ఉపదేశి పిల్లలు, పక్క వీధి ముసలమ్మ. మోషే ధర్మశాస్త్రం కూడా ఈ మాటే విధిగా చెబుతుంది: ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం ప్రకారం ఇశ్రాయేలు రైతు ప్రథమ ఫలాలను, అంటే పంటలో మొదట చేతికొచ్చిన భాగాన్ని, గంపలో తెచ్చి దేవుని ఎదుట పెట్టి, తన పితరులు ఐగుప్తులో దాసులుగా బతికిన కథను నోటితో ఒప్పుకొని, ఆపైన సొంత భూమి లేని లేవీయుడితోనూ పరదేశితోనూ కలిసి సంతోషించాలి.

దాసులుగా బతికిన కథ అన్నచోట తెలుగు పాఠకుడు కొంతసేపు ఆగాలి. ఈ నేల మీద పెద్ద సంఖ్యలో క్రైస్తవులైనవారు మాల మాదిగలు. సొంత భూమి లేనివారు, పాలేళ్లుగా, వెట్టివారుగా తరాలు గడిపినవారు. కళ్లం దగ్గర ఊరి పనికి బదులుగా కొలిచిపోసే మేర, కోతయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకొనే పరిగె వారి ఇంటికి గింజలు చేరే దారులు. లేవీయకాండం పొలం అంచులు కోయక పేదకు వదలమన్నప్పుడు ఆ ఆజ్ఞలో వారి చోటు ఏరుకొనేవారి చోటే గాని వదిలేవారిది కాదు. అటువంటి ఇంటి స్త్రీ తన కుండలోంచి పిడికెడు తీసి పక్కన పెట్టిన పూట, తరతరాలుగా పుచ్చుకొనేవారిగా ముద్రపడ్డ మనుషులు ఇచ్చేవారయ్యారు. పంచిపెట్టడానికి తన దగ్గరా ఉందని ఎరిగిన మనిషి వంగి నిలబడలేదు. దేవునికి ఘనతనిచ్చిన చేయి తనకు ఊరు నిరాకరించిన ఘనతను కూడా ఎవరినీ అడగకుండానే తిరిగి పొందింది. మనిషి దేవుని పోలికలో సృష్టింపబడ్డాడన్న ఆదికాండపు బోధను నమ్మేవారికి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు, ఎందుకంటే పోలికను నలిపి మూలాన్ని ఘనపరచడం కుదరదు.

ఈ మాటకు చరిత్రలో మరో పార్శ్వం ఉంది. అన్నం కోసం మతం మారారన్న నింద ఈ సంఘాల వెంట మొదటినుంచీ నడిచింది. 1876–78 నాటి మహా కరవులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి దొరికేలా చేశాడు గాని, కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరవు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ పని ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నింద మాత్రం ఆ తర్వాతా పోలేదు. దానికి వాదనతో జవాబు చెప్పినవారు ఉన్నారు. కాని బియ్యం కోసం వచ్చారని ఎవరినైతే అన్నారో వారే రోజూ బియ్యం తీసి ఇవ్వడాన్ని మించిన జవాబు వాదనల్లో దొరకదు.

ఈ సంగతిని స్పష్టంగా ఎరిగిన నాయకుడు వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన ఈ తమిళుడు, అక్కడి క్రైస్తవులు తమ సొంత కానుకలతో 1903లో స్థాపించుకొన్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న కన్నుమూసేవరకు ఆయన పరిచర్య ఎక్కువగా పల్లె కూలీల మధ్యే సాగింది. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వెళ్లగొట్టాలని ఆయన బోధించేవాడు. దేవుని మహిమ ఆ బోధలో ఊడ్చిన వాకిలిగా, తీరిన అప్పుగా, కల్లు పాకవైపు వెళ్లని కూలి డబ్బుగా కనిపించేది. క్రైస్తవ దాతృత్వం మీద ఆయన ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు; పేద సంఘం విదేశీ మిషన్ సొమ్ము మీద ఆధారపడక తన సేవకులను తానే పోషించుకోవాలని, ఇవ్వడం ధనికులకు మాత్రమే చెందిన భాగ్యం కాదని ఆయన పట్టు. 1930లలో సామూహిక మత స్వీకారాల విషయంలో గాంధీజీకీ ఆయనకూ తీవ్రమైన భేదాభిప్రాయం వచ్చినప్పుడు కూడా, నిరుపేద తన ఆత్మ సంగతి తాను నిర్ణయించుకోగలడన్న నమ్మకాన్ని ఆయన వదులుకోలేదు. ఇవ్వగలడని నమ్మినవాడే ఎంచుకోగలడని కూడా నమ్ముతాడు. దక్షిణాది దేవాలయ స్తంభాలనూ మసీదు గుమ్మటాలనూ తలపించే దోర్నకల్ ఎపిఫనీ కతీడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. దాన్ని చూడవచ్చే యాత్రికులు మెచ్చుకొనే శిల్పం వెనుక చదువురాని కూలీల సంఘం ఒకటి ఉందని చెప్పేవారు తక్కువ.

ఈ అభ్యాసం మనిషిని తీర్చిదిద్దే తీరు సూక్ష్మమైనది. తీసేది తినగా మిగిలినదాంట్లోంచి కాదు, వండకముందే. కాబట్టి ఆ పూట ఇంట్లో ఎవరో ఒకరికి, చాలాసార్లు తీసినావిడకే, ఒక ముద్ద తగ్గుతుంది. పిడికిలి ఎంత బిగించాలో, వేళ్ల సందుల్లోంచి ఎన్ని గింజలు జారనివ్వాలో చెప్పే నియమం లేదు, చూసేవారూ లేరు. దశమభాగానికి, అంటే రాబడిలో పదోవంతు ఇచ్చే ఆచారానికి, లెక్క ఉంటుంది; చేతి కొలతకు మనస్సాక్షి తప్ప లెక్క లేదు. నెలలో ఒకనాడు ఉప్పొంగే భక్తి చేయలేని పనిని పూటపూటా చేసే చిన్న పని చేస్తుందని సన్యాస మఠాల సంప్రదాయం కూడా ఎరుగును: 17వ శతాబ్దపు పారిస్‌లో లారెన్స్ అనే కార్మెలైట్ సహోదరుడు మఠం వంటశాలలో గిన్నెల మధ్యనే దేవుని సన్నిధిని అభ్యసించాడు. కాకపోతే ఆయన మఠం తిండిని వండాడు. పల్లె స్త్రీ తన పిల్లల తిండిలోంచి తీసింది. మార్కు సువార్త 12వ అధ్యాయంలో యేసు మెచ్చిన పేద విధవరాలి రెండు కాసుల పక్కన పెట్టదగ్గది ఈ రెండోదే.

ఇప్పుడు ఈ పద్ధతి పట్టణ సంఘాల్లో దాదాపు కనుమరుగైంది, పల్లెల్లోనూ పలచబడింది. జీతం పడగానే ఫోన్‌లో కానుక పంపేవారిని తప్పుపట్టనక్కర్లేదు. నెలజీతం కుటుంబానికి అది న్యాయమైన మార్గమే. తప్పుపట్టవలసింది దాని పక్కనే పెరిగిన మరో బోధను: ఇచ్చినదానికి పదింతలు తిరిగొస్తుందని, ఫలానా మొత్తం విత్తితే ఫలానా దీవెన కోయవచ్చని చెప్పే సమృద్ధి సువార్తను. ఆ లెక్కలో దేవుడు వడ్డీ కట్టే సంస్థ అవుతాడు, కానుక పెట్టుబడి అవుతుంది, మహిమ ఇచ్చినవాడి మేడకు చెందుతుంది. మైకులో దాతల పేర్లూ మొత్తాలూ చదివే ఆచారం దానికి తోబుట్టువు. పిడికెడు బియ్యం తీసిన స్త్రీ దానికి బదులు ఏదీ ఆశించలేదని అనడం అతిశయోక్తి కావచ్చు. ఆమె కూడా పిల్లల జ్వరం తగ్గాలని ప్రార్థించే ఉంటుంది. కాని ప్రార్థన వేరు, బేరం వేరు, ఆ తేడా ఆమెకు తెలుసు.

ఈ చిన్న కొలత ఎంత దూరం పోగలదో చూడాలంటే మిజోరం వైపు చూడాలి. అక్కడి కొండల్లో 1910లో మొదలైన బుహ్‌ఫై థామ్, అంటే ఇదే పిడికెడు బియ్యం పద్ధతి, స్త్రీల చేతుల మీదుగా ఇంటింటికీ పాకి, మిజో సంఘం తన సువార్త పనిని తానే పోషించుకోవడానికి పెద్ద ఆధారమైంది. తెలుగు సంఘాలకు ఆ గింజల విలువ తెలియక కాదు. ఆ గింజల మీద మాట చెల్లించుకొనే అవకాశం వాటిని తీసిన చేతులకు దక్కకపోవడమే ఇక్కడి లోపం. వంటింట్లో తీసేది స్త్రీలు, గుడికి మోసేది స్త్రీలు, అమ్మగా వచ్చిన సొమ్ము ఏ పనికి పోవాలో తేల్చే పాస్టరేట్ కమిటీలో మాత్రం ఎక్కువ కుర్చీలు పురుషులవి. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం 1976 నుంచి స్త్రీలకు గురుత్వాభిషేకం ఇస్తోంది. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత ఆ సంఘపు తొలి మహిళా బిషప్‌గా నియమితురాలైంది. అంత పెద్ద పీఠం దాకా తెరుచుకొన్న తలుపు ఊరి సంఘం లెక్కల పుస్తకం దగ్గర ఇంకా మూసుకొని ఉండటానికి లేఖనంలో ఆధారం కనబడదు. దేవుని మహిమ కోసం బియ్యం తీసినావిడను ఆ బియ్యం సంగతి తేల్చే బల్ల దగ్గర కూర్చోబెట్టడం కూడా ఆ మహిమలో భాగమే, దానికి కొత్త తీర్మానాలు అక్కర్లేదు, వచ్చే సంఘ ఎన్నికలు చాలు.