ముందు స్టాక్‌యార్డు, ఆ తర్వాతే షోరూము

మహారాష్ట్రలోని షోలాపూర్ తూర్పు భాగంలో అశోక్ చౌక్, కన్నా చౌక్ దాటి దత్తనగర్, నీలంనగర్ వైపు నడిస్తే దారి పొడవునా తెలుగు వినిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలీలు ఇక్కడ మగ్గాలు పెట్టుకున్నారు. 1877లో మొదలైన పాత మిల్లు, దాని వెనకే వచ్చిన నర్సింగ్‌గిర్జీ, విష్ణు, లక్ష్మీ మిల్లులు వాళ్ల తాతలకు కూలీ ఇచ్చాయి. మిల్లులు మూతబడ్డాక మరమగ్గాలు ఆదుకున్నాయి. జాకార్డ్ చద్దరుకూ టెర్రీ టవలుకూ భౌగోళిక గుర్తింపు దక్కింది కానీ, పానీపత్ సరుకు పోటీకి చద్దరు మగ్గాలు తగ్గుతూ వచ్చాయి. మగ్గం మీద బతుకు వెళ్లదని తేల్చుకున్న ఇళ్లలోని పిల్లలు డిగ్రీ చదివి కొందరు పుణె దారి పట్టారు, కొందరు యూనిఫాంలు కుట్టే గార్మెంట్ యూనిట్లకు వెళ్లారు. ఊరు వదలడం ఇష్టం లేని వాళ్లకు తలుపు తీసి ఉన్న పనుల్లో కార్ల షోరూములో సేల్స్ ఉద్యోగం ఒకటి.

ఆ ఉద్యోగం పైకి తేలికగా కనిపిస్తుంది. ఇస్త్రీ చొక్కా, ఏసీ గది, మెడలో కార్డు. పైగా నేతవాడల పిల్లలకు పుట్టుకతో వచ్చిన ఆస్తి ఒకటుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ, అక్కల్‌కోట్ వైపు వెళ్తే కన్నడం. షోలాపూర్ మార్కెట్లో ఈ నాలుగు భాషలూ మాట్లాడగలిగిన కుర్రాడిని ఏ మేనేజరూ వదులుకోడు. అందుకే చేరిన వారం తిరక్కుండానే అతన్ని ఫ్లోరు మీద నిలబెడతారు, చేతికి టార్గెట్ ఇస్తారు.

పొరపాటు అక్కడే జరుగుతోంది.

మగ్గాల షెడ్డులో ఎవరినీ మొదటి రోజే సాంచా (మరమగ్గం) మీద నిలబెట్టరు. కొత్తగా వచ్చినవాడు ముందు కండెలు చుడతాడు. తర్వాత తెగిన పోగు అతకడం నేర్చుకుంటాడు. నూలు ఎక్కడ బిగుసుకుంటే తెగుతుందో, ఏ నూలు ఎంత లాగుడుకు ఆగుతుందో వేళ్లకు తెలిశాకే నడిచే మగ్గాన్ని అతనికి అప్పగిస్తారు. కార్లు అమ్మడానికీ అలాంటి మెట్లు ఉన్నాయి. అవి షోరూము వెనకాల ఉన్నాయి: స్టాక్‌యార్డు, సర్వీస్ బే, ఆర్టీవో కాగితాలు చూసే బల్ల. కొత్తవాడు మొదటి కొన్ని వారాలు అక్కడ గడిపితే, ముందున్న కస్టమర్ కుర్చీకి భయపడాల్సిన పని ఉండదు.

స్టాక్‌యార్డులో నేర్చుకునేది చాలా ఉంది. ప్రతి కారుకూ పదిహేడు అక్షరాల, అంకెల ఛాసిస్ నంబరు ఉంటుంది. దాన్ని కొటేషన్‌తో, ఇన్‌వాయిస్‌తో, తయారీ కంపెనీ ఇచ్చే ఫారం 22తో సరిపోల్చడం డెలివరీకి ముందు జరగాల్సిన తనిఖీలో మొదటి పని. టైరు పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు చూస్తే ఆ టైరు ఏ సంవత్సరం ఎన్నో వారంలో తయారైందో తెలుస్తుంది. జనవరిలో వచ్చిన కస్టమర్‌కు పోయిన సంవత్సరం తయారైన బండి ఇస్తుంటే ఆ సంగతి ముందే చెప్పాలి, దానికి తగిన తగ్గింపు కూడా చెప్పాలి. ఇది ఎవరూ అడగలేదని దాచిపెట్టిన సేల్స్‌మన్‌కు ఆ వాడలో రెండో కారు అమ్ముడుపోదు. టైరు చదవడం వచ్చిన మేనల్లుడు ప్రతి ఇంట్లోనూ ఒకడున్నాడు.

కాగితాల బల్ల దగ్గర ఇంకా పెద్ద చదువు ఉంది. ఎక్స్-షోరూమ్ ధరకూ రోడ్డు మీదికి వచ్చేసరికి పడే ధరకూ మధ్య ఏమేం ఉన్నాయో వేళ్ల మీద చెప్పగలగాలి. మహారాష్ట్రలో పది లక్షల లోపు పెట్రోలు కారుకు రోడ్డు పన్ను 11 శాతం, అదే ధరలో డీజిల్ అయితే 13 శాతం. అంటే ఆరు లక్షల పెట్రోలు కారుకు పన్నే 66 వేలు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. పది లక్షలు దాటిన బండి మీద ఒక శాతం టీసీఎస్ (అమ్మకం దగ్గరే తీసుకునే పన్ను) వసూలు చేస్తారు, దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు. ఫాస్టాగ్ తప్పనిసరి. సీట్ కవర్లు, మ్యాట్లు, పెయింట్ కోటింగ్, పొడిగించిన వారంటీ మాత్రం కొనేవాడి ఇష్టం. బీమా కూడా షోరూము చూపిన కంపెనీదే తీసుకోవాలన్న నిబంధన లేదు. తప్పనిసరి ఖర్చులు ఒక వరుసలో, ఇష్టమైతేనే పెట్టే ఖర్చులు మరో వరుసలో రాసి ఇచ్చే సేల్స్‌మన్ అరుదు. అలా రాసి ఇవ్వడం మొదటి నెల నుంచే అలవాటు చేసుకోవాలి.

"అన్నీ కలిపి ఎంత పడుతది చెప్పు బిడ్డా" అని మగ్గాల కార్ఖానాదారు అడిగినప్పుడు నోటి లెక్క పనికిరాదు. "కాకా, ఇది పన్ను, ఇది బీమా, ఇవి రెండూ తప్పవు. ఈ కింద ఉన్నయి మీకు వద్దంటే తీసేస్త" అని కాగితం ముందు పెట్టాలి. ఆ కాకా రోజూ నూలు ధర, రంగు ఖర్చు, కూలీ, కరెంటు బిల్లు విడివిడిగా చూసి చద్దరు ధర కట్టే మనిషి. లెక్క విడదీసి చూపితే ఆయనకు నమ్మకం కుదురుతుంది. మొత్తం ఒక్క అంకెలో చుట్టేసి చెబితే అనుమానం మొదలవుతుంది.

బంధువుల ప్రశ్న ఒకటి తప్పకుండా వస్తుంది. సిరిసిల్లలోనో కరీంనగర్‌లోనో బావ ఉంటాడు, అక్కడ ధర ఎంతో కనుక్కుంటాడు. తెలంగాణలో ఐదు నుంచి పది లక్షల మధ్య కారుకు జీవిత పన్ను 14 శాతం. ఇక్కడ కొని అక్కడ తిప్పుకుందామన్న ఆలోచన ఇంట్లో మొదలవుతుంది. అప్పుడు కొత్త సేల్స్‌మన్ ఆశపడి తల ఊపకూడదు. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని పన్నెండు నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఆ మాట చెప్పడం వల్ల ఒక బుకింగ్ పోవచ్చు. చెప్పకపోతే ఏడాది తర్వాత ఆ కుటుంబం మొత్తం చేజారిపోతుంది.

అప్పు దగ్గర మరింత జాగ్రత్త కావాలి. నేతవాడల్లో చాలా ఇళ్లకు వారం కూలీ. జీతపు చీటీ ఉండదు. చిన్న కార్ఖానా నడిపేవాళ్ల దగ్గర ఉద్యమ్ రిజిస్ట్రేషన్, గుమాస్తా లైసెన్సు, రెండు మూడేళ్ల రిటర్నులు ఉంటే బ్యాంకు మాట వింటుంది. లేకపోతే వడ్డీ పెరుగుతుంది. అలాంటప్పుడు కిస్తీ తగ్గించి చూపడానికి గడువు పెంచడం షోరూముల్లో సులువైన దారి. ఐదు లక్షల అప్పు 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 10,380 రూపాయలు. అదే ఏడేళ్లకు తీసుకుంటే 8,045. నెలకు 2,300 పైగా తగ్గిందని సంబరపడతారు గానీ, చివరికి కట్టేది దాదాపు 53 వేలు ఎక్కువ. కొత్తవాడు రెండు లెక్కలూ పక్కపక్కన రాసి చూపాలి. ఎన్నుకునేది కస్టమరే.

షోలాపూర్ కొనుగోలుదారుకు బండి ఎలా పనికొస్తుందో తెలుసుకోవడం మరో పాఠం. తుల్జాపూర్, పండరీపురం, అక్కల్‌కోట్, గాణ్‌గాపూర్, అన్నీ ఇక్కడి నుంచి ఒక రోజులో వెళ్లిరాగల క్షేత్రాలు. వాటి మీద బతికే ట్యాక్సీ డ్రైవరుకు మైలేజీ, మూడో వరుస సీట్లు, పసుపు ప్లేటుకు పర్మిట్ ఖర్చు కావాలి. సన్‌రూఫ్ గురించి చెబితే అతని సమయం వృథా. టవళ్ల మూటలు వేసుకుని తిరిగే వ్యాపారికి డిక్కీ కావాలి. అతను సీఎన్‌జీ అడిగితే సిలిండరు డిక్కీని మింగేస్తుందని తెరిచి చూపించాలి. 2023లో టాటా ఆల్ట్రోజ్‌తో వచ్చిన జంట సిలిండర్ల ఏర్పాటు లాంటివి ఈ ఇబ్బందిని ఎంత తగ్గిస్తాయో, మూటలు పెట్టి కొలిచి చెప్పాలి. గల్లీలో ఉండేవారికి వెడల్పు, మలుపు తీసుకునే చోటు ముఖ్యం. టెస్ట్ డ్రైవ్‌ను వెడల్పాటి అక్కల్‌కోట్ రోడ్డు మీద కాకుండా ఆ ఇంటి గల్లీలోకే తీసుకెళ్లడం నేతవాడల్లో పుట్టిన కుర్రాడికి తట్టే ఆలోచన. "మన గల్లీల పడుతదా?" అన్న ప్రశ్నకు బ్రోషరులో జవాబు లేదు.

నోటి మాట విలువ బాగా తెలిసిన జో గిరార్డ్ అనే సేల్స్‌మన్ అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉండేవాడు. 1963 నుంచి 1978 వరకు పదిహేనేళ్లలో 13,001 కార్లు, ఒక్క 1973లోనే 1,425 కార్లు, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటిగా అమ్మి గిన్నిస్ పుస్తకానికెక్కాడు. ప్రతి మనిషి పెళ్లికో చావుకో సుమారు 250 మంది వస్తారనీ, ఒక కస్టమర్‌ను నొప్పిస్తే ఆ 250 మందినీ పోగొట్టుకున్నట్టేననీ అతని లెక్క. పాత కస్టమర్లకు నెలనెలా కార్డులు పంపేవాడు. షోలాపూర్ పద్మశాలి పెళ్లికి వచ్చేవాళ్లను లెక్కబెడితే గిరార్డ్ అంకె చాలా చిన్నది. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయ మహాముని రథోత్సవానికి వీధుల్లోకి వచ్చే జనంలో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసిన కుర్రాడికి అమ్మకాల పుస్తకం సగం రాసి పెట్టినట్టే. ఆ బంధుత్వమే అతన్ని కట్టిపడేస్తుంది కూడా. దూరపు ఊరి సేల్స్‌మన్ తప్పు చేసి మాయమవగలడు. ఇతనికి ఆ వీలు లేదు, సాయంత్రం అదే గల్లీకి తిరిగి వెళ్లాలి.

ఈ పనిలో నెలలన్నీ ఒకేలా ఉండవని ముందే తెలియాలి. ఉగాది, గుడి పడ్వా ఒకే రోజు కావడంతో ఇక్కడ ఆ ఉదయం డెలివరీలు కిక్కిరిసిపోతాయి. దసరా, ధనత్రయోదశి కూడా అంతే. పితృపక్షంలో షోరూము బోసిపోతుంది. 2025 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీది నుంచి జీఎస్టీ సంస్కరణల మాట చెప్పగానే కొనేవాళ్లు ఆగిపోయారు. సెప్టెంబరు 22న, నవరాత్రుల మొదటి రోజున, చిన్న కార్ల మీద పన్ను 28 శాతం నుంచి 18కి దిగింది, సెస్సు కూడా పోయింది. మధ్యలోని అయిదారు వారాలు ఇన్సెంటివ్ మీద బతికేవాళ్లకు గడ్డు రోజులు. కంపెనీలే వెళ్లిపోయిన సందర్భాలూ ఉన్నాయి. జనరల్ మోటార్స్ 2017లో, ఫోర్డ్ 2021లో మన దేశంలో అమ్మకాలకు తెర దించాయి. కొత్తవాడి జీతమంతా అమ్మిన కార్ల మీదే వేలాడితే, ఇలాంటి రోజుల్లో అతనికి అబద్ధం చెప్పాలనిపిస్తుంది. ఆ తప్పులో జీతం నిర్ణయించిన యజమానికీ వాటా ఉంది.

కాబట్టి షోరూము యజమానులను అడగాల్సింది ఇది. మొదటి ఆరు నెలలు స్థిర జీతం ఇవ్వండి. మొదటి నెలంతా స్టాక్‌యార్డు, సర్వీసు, ఆర్టీవో కాగితాలు నేర్పించండి. ఆ నెల టార్గెట్ పెట్టకండి. మీకు నాలుగు భాషలు వచ్చిన మనిషి దొరికాడు, బండి తెలిసిన మనిషిని తయారు చేసుకోవడం మీ పని.

నేతవాడల్లోని తల్లిదండ్రులకూ ఒక విన్నపం. మీ అబ్బాయో అమ్మాయో షోరూములో చేరుతుంటే చొక్కా రంగు చూసి మురిసిపోవడానికి ముందు మూడు విషయాలు కాగితం మీద అడిగించండి: నెలకు కచ్చితంగా చేతికొచ్చే జీతం ఎంత, ఎన్ని కార్లకు ఎంత ఇన్సెంటివ్, డెమో కారుకు దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది. ఈ మూడూ రాసి ఇచ్చే చోటే చేర్పించండి.