ఆర్ట్స్ కళాశాల: స్తంభము, కమాను

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల 1939లో ప్రారంభమైనది. దాని రూపశిల్పి బెల్జియం దేశస్థుడైన ఎర్నెస్ట్ జాస్పర్. కైరోలో 1910లో తెరచిన హీలియోపొలిస్ ప్యాలెస్ హోటలులోనే ఆయన ఐరోపా, అరబ్బు రీతులను కలిపినాడు. ఇక్కడ అజంతా, ఎల్లోరాలను తలపించే స్తంభాలు అరబ్బు కమానుల సరసన నిలిచినవి.

ఇది అతుకుల బొంతయా? కాదనే నా అభిప్రాయము. రాయి ఒత్తిడికి ఓర్చుకొంటుంది గాని లాగుడుకు ఓర్వదు. రాతిదూలము బరువుకు వంగితే అడుగుభాగము సాగి పగులుతుంది. మన గుడి మండపాలలో స్తంభాలు దగ్గరదగ్గరగా ఉండుటకు కారణమిదే. కమానులో రాళ్లు ఒకదానినొకటి నొక్కుకొంటవి గనుక వెడల్పైన ద్వారము సాధ్యము. అయితే పక్కలకు తోసే బలాన్ని బరువైన గోడలు కాచుకోవలె. రెండు పద్ధతులూ రాతి స్వభావము నుండి పుట్టినవే, అందుచేతనే పొసగినవి.

ముఖద్వారపు కమాను మాత్రం నాకు అతిగా తోచినది. దానిక్రింద విద్యార్థి చీమవలె కనిపిస్తాడు.