అయిదు రెక్కల కాగితపు పువ్వు

కుసుదామ పువ్వుకు రెక్కలు అయిదు. ఒక్కో రెక్కను ఒక్కో చదరపు కాగితంతో విడిగా మడిచి, చివర అన్నిటినీ కలిపి అతికిస్తారు. జపాను భాషలో కుసురి అంటే మందు, తామా అంటే బంతి. పూర్వం మూలికలు, సుగంధాలు కూర్చి వేలాడదీసిన బంతుల పేరే ఈ కాగితపు పనికి దక్కింది.

  గులాబీ రెక్కలు లెక్కకు అందవు. కాగితపు పువ్వుకు పోలిక కావాలంటే పెరట్లోని ఒంటిరెక్క నందివర్ధనాన్నే చూడాలి. దానికీ రెక్కలు అయిదే.

కాగితం మామూలు ఏ4 చాలు. 7 సెంటీమీటర్ల చదరాలు ఒక షీటుకు పన్నెండు వస్తాయి.

చదరాన్ని మూలకు మూల చేర్చి మడిస్తే త్రికోణం. కింది రెండు మూలలను పై కొనకు లేపితే మళ్లీ చిన్న చదరం. పైకి లేచిన రెండు మడతల్నీ సగానికి బయటికి వంచి, గోటితో గీటు పెట్టి, తిరిగి విప్పాలి. ప్రతి మడతా ఒక జేబు. అందులో వేలు పెట్టి తెరిచి అణిస్తే గాలిపటం ఆకారం వస్తుంది. అంచు దాటిన కొనలను లోపలికి మడిచి, గాలిపటాన్ని నడిమి గీటు మీద మూయాలి. రెండు పక్కల ముఖాలకు బంక రాసి, చదును చేయకుండా గుండ్రంగా తెచ్చి కలిపితే రెక్క తయారు.

వీటన్నిటిలో కష్టమైనది మొదటి మడతే, చూడడానికి అదే అతి సులువు. మూలలు వెంట్రుకవాసి తప్పినా ఆ వంకర తరవాతి మడతలన్నిటిలోకీ పాకుతుంది. నాలుగు రెక్కలు అతికించేదాకా అది కనబడదు. అయిదోది పెట్టబోతే చోటు చాలదు, లేదా సందు మిగులుతుంది. అందుకే మూలలు కలిశాక కాగితాన్ని వెలుగుకు పట్టి చూసి, అప్పుడే గీటు నొక్కడం మంచిది. అయిదు రెక్కల్నీ ఒకే విడతలో మడిస్తే చేతి ఒత్తిడి మారదు.

బంక పలచగా రాయాలి. ఎక్కువైతే కాగితం ముడుచుకుంటుంది. ఆరేదాకా అతుకును బట్టల క్లిప్పుతో పట్టి ఉంచాలి.

బంతికి ఇలాంటి పూలు పన్నెండు కావాలి. అంటే అరవై రెక్కలు, సరిగ్గా అయిదు షీట్లు. ఆరేసి పూలతో రెండు సగాలు కట్టి, నడుమ దారం ఉంచి, రెండిటినీ మూస్తారు.